గ్రీకులో గర్జన

ఒక పెద్ద అడవిలో, శాస్త్రీయ నామాలంటే పడిచచ్చే అడవిలో, ఓ ఊసరవెల్లి ఉండేది. ఎవడు మాట మార్చినా అందరూ దీని పేరెత్తి తిట్టేవాళ్ళు. పాపం, ఒక్క రోజైనా గౌరవంగా బతకాలని దాని ఆశ.

ఏడుపుమొహంతో గూబశాస్త్రి దగ్గరికెళ్ళింది. పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడమే ఆ గుడ్లగూబ వృత్తి.

"పిచ్చిదానా! నీకు శాస్త్రం పెట్టిన పేరు కమీలియో. గ్రీకులో 'ఖమాయ్' అంటే నేల మీద, 'లెయోన్' అంటే సింహం. లాటిన్ వాళ్ళు దాన్నే తీసుకుని రాసుకున్నారు. నువ్వు నేలసింహానివి!"

"నేనుండేది కొమ్మ మీద కదండీ?"

"గ్రీకువాళ్ళు తలెత్తి చూసి ఉండరు. అది నీ తప్పు కాదు."

మర్నాడు సభలో ఊసరవెల్లి గద్దె నాదంది. శాస్త్రి సాక్ష్యం చెప్పాడు. గద్దె మీదున్న ముసలి సింహం చెంగున కిందికి దూకింది.

"కూర్చో తల్లీ. ఈ తగువులు తీర్చలేక నా నడుం పడిపోయింది."

గద్దెనెక్కినవారు పొద్దున్నే గర్జించాలని అక్కడి ఆచారం. ఊసరవెల్లి నోరు బార్లా తెరిచింది. నాలుక బయటికొచ్చి ఓ ఈగను పట్టుకుని లోపలికెళ్ళింది. అంతే.

"ఆహా, ఏం గర్జన!" అన్నాడు సభ కార్యదర్శి దుమ్ములగొండి.

"నాకేం వినపడలేదే?" అంది కుందేలు.

"గ్రీకులో గర్జించారు. నీకెలా వినపడుతుంది?"

మర్నాటినుంచి కుందేలుకీ వినపడింది.

ఇలా సుఖంగా సాగుతుండగా పొరుగడవి నుంచి ఓ పడుచు సింహం దిగింది.

"ఇక్కడ సింహం ఎవడ్రా? వాణ్ణి చంపి గద్దెనెక్కుతా!"

అందరూ వినయంగా గద్దె వైపు చూపించారు. ఊసరవెల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"బాబోయ్, నేను సింహాన్ని కాదు! ఊసరవెల్లిని!"

గూబశాస్త్రికి ఒళ్ళు మండింది. "ఊసరవెల్లిలా మాట మార్చకండి మహారాజా! మీరు సింహమే. కావాలంటే ధాతువులు చూడండి!"

పంజా లేచేలోగా మహారాజు పక్కనున్న చెట్టెక్కి ఆకుల రంగులో కలిసిపోయింది. కొత్త సింహం గద్దె మీద కూర్చుంది.

"ఆహా, ఏం ఠీవి!" అన్నాడు దుమ్ములగొండి.

"ఛీ, ఊసరవెల్లి వెధవా!" అని దుమ్ములగొండిని తిట్టింది ముసలి సింహం.

ఆకుల్లో దాక్కున్న ఊసరవెల్లికి ఆ తిట్టు వినగానే ప్రాణం లేచొచ్చింది. జన్మలో తన పేరు అంత తియ్యగా ఎప్పుడూ వినపడలేదు.

కింద గూబశాస్త్రి అప్పుడే కొత్త సింహానికి దాని పేరులోని మూలాలు వివరిస్తున్నాడు.

నీతి: గద్దె మీద ఎవరున్నా, పేరుకి అర్థం చెప్పేవాడి ఉద్యోగానికి ఢోకా లేదు.