పది రోజుల దాహం

సోమవారం ఉదయం సిరిల్ టీ గ్లాసు పక్కకు నెట్టి, ఆ రోజు నుంచి నీళ్లు తగ్గించాలని తీర్మానించాడు. అతను గూడ్సు రైళ్లు నడిపే లోకో పైలట్. పదకొండో రోజున వైద్య పరీక్ష. పోయినసారి రక్తపోటు హద్దు దాకా వచ్చి ఆగింది. ఈసారి దాటితే ఇంజను దింపి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారు. ఇరవై రెండేళ్లు కిటికీ గాలికి అలవాటుపడ్డ మనిషికి ఫ్యాను గాలి పెద్ద నష్టమే.

సలహా పక్క క్వార్టరు జగ్గారావుది. ట్రాఫిక్ కాలనీలో పంపుల ఫిట్టరు.

"ట్యాంకీలో నీల్లు తగ్గితే కుళాయిలో జోరుంటాదేటి?"

"ఉండదు."

"మరి ఒంట్లో మాత్రం ఎందుకుంటాదిరా? తాగడం తగ్గించీ. ముప్పై ఏళ్లు పంపుల్తోటే బతికినాను, నాకు తెల్దేటి?"

సరుకు రాకపోతే దుకాణంలో రద్దీ ఉండదన్నంత తేలిక లెక్క. సిరిల్ రోజుకు రెండు గ్లాసులకు దిగాడు. మూడో రోజుకు నాలుక అట్టముక్క అయింది. ఊళ్లో గోల్‌బజార్ సంతలోని మూలికల దుకాణందారు దాహానికి అతిమధురం పుల్లలు ఇచ్చాడు. తియ్యగా ఉండటంతో సిరిల్ రోజుకు గుప్పెడు నమిలాడు.

"మొకం బూరెలాగ ఉబ్బిపోనాది, అద్దం సూసుకున్నావా?" అంది భార్య సూసన్న.

"నీల్లు తాగనోడికి ఉబ్బెక్కడిదే? నిద్ర మొకం."

"వారం నుంచీ నిద్ర మొకమేనా?"

పరీక్ష రోజున రైల్వే ఆసుపత్రికి జగ్గారావు తోడు వచ్చాడు. ముందు మూత్రం పట్టమని సీసా ఇచ్చారు. అరగంటైనా చుక్క రాలేదు. నర్సు నీళ్లు తాగమంది. సిరిల్ రెండు లీటర్ల నీళ్లు తాగి వరండా అంతా తిరిగాడు. ఫలితం లేదు.

"పైపులో గాలి పట్టేసుంటాది. ఇంకో లీటరు కొట్టు," అన్నాడు జగ్గారావు.

మూడో లీటరు పోశాక గంటసేపటికి ఆ గాలి వదిలి, మూత్రం తన్నుకొచ్చింది. సరిగ్గా అప్పుడే రక్తపోటుకు సిరిల్ పేరు పిలిచారు.

"దీదీ, ఏక్ మినిట్!" అని సిరిల్ నర్సును హిందీలో బతిమాలాడు.

"లైన్ చలా జాయేగా, దాదా," అంది నర్సు.

వరుస పోతే పరీక్ష మరో తేదీకి పోతుంది. సిరిల్ కాలు మీద కాలు బిగించి కూర్చున్నాడు. యంత్రం నూట అరవై ఎనిమిది చూపించింది. మళ్లీ చూస్తే నూట డెబ్భై ఆరు. డాక్టర్ కిరణ్‌కుమార్ 'అన్‌ఫిట్' కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఏం చేశావయ్యా ఇలా?"

సిరిల్ లేచి, ఒంటికాలి మీద ఊగుతూ అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. "ముందు వెళ్లి రా," అన్నాడు డాక్టరు. వెళ్లి వచ్చాక చూస్తే నూట యాభై ఎనిమిది. అదీ ఎక్కువే.

"ఒళ్లు ట్యాంకు కాదు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. "నీళ్లు తగ్గాయనగానే మెదడు ఒక హార్మోను పంపి, ఉన్న నీళ్లు వదలొద్దని కిడ్నీలకు చెబుతుంది. కిడ్నీలు ఇంకో కబురు పంపితే రక్తనాళాలు బిగుసుకుంటాయి, ఉప్పు లోపలే ఆగుతుంది. ప్రెజర్ పడిపోకుండా కాపలా అది."

"మరి ఆ పుల్లలేటి సేసినాయి సార్?"

"అసలు తప్పు అదే. ఉప్పును ఆపే హార్మోను ఒకటుంది. అతిమధురం ఎక్కువైతే, ఆ హార్మోను పెరిగినట్టే కిడ్నీ ఉప్పూ నీళ్లూ దాచేస్తుంది. మందు వేసినా ప్రెజర్ సరిగా..."

డాక్టరు మాట ఆగిపోయింది. మెల్లగా సొరుగు లాగాడు. అందులో అతిమధురం పుల్లల పొట్లం ఉంది. గొంతు గరగరకని రెండు నెలలుగా నములుతున్నాడు. ఆ రెండు నెలల్లోనే తన రక్తపోటు మాత్రలు రెండుసార్లు పెంచుకున్నాడు.

"సిస్టర్, ఆ పట్టీ నాకు చుట్టండి."

నూట అరవై నాలుగు.

"నాకు ముందే డౌటు సార్," అన్నాడు జగ్గారావు, "పుల్లలు పైపుకి అడ్డం పడుంటాయని."

డాక్టరు 'అన్‌ఫిట్' కాగితం చింపి, మూడు వారాల తర్వాత మళ్లీ చూడాలని రాశాడు. ఆ మూడు వారాలూ సిరిల్ దాహమైనప్పుడల్లా నీళ్లు తాగాడు, పుల్ల ముట్టలేదు, జగ్గారావు కనబడితే దారి మార్చాడు. పరీక్షలో నూట ఇరవై ఎనిమిది వచ్చింది. ఫిట్ కాగితం మీద సంతకం పెట్టే ముందు, తనూ పుల్లలు మానేసిన డాక్టరు తలుపు దగ్గరికి వేసి, తన చెయ్యి చాపాడు. ఈసారి పట్టీకి గాలి కొట్టే రబ్బరు బల్బు నొక్కింది సిరిల్.

"నూట ఇరవై ఆరు. మీరూ పాసే సార్."

రిజిస్టరులో మాత్రం ఒక్క పేరే ఎక్కింది, డ్రైవర్లు పాస్ చేసిన డాక్టర్లకు అందులో గడి లేదు.