చూడకుండా రాయదు

"రాయను బావగారూ."

"రాయాలమ్మా వసుమతీ. మాటిచ్చేశాను."

నేను పప్పులో పోపు పెట్టేసరికి ఇది మూడో విడత. మా బావగారు భీమశంకరం గారు అమెరికాలో మేముండే నేపర్‌విల్‌లో మా తెలుగు సమితి అధ్యక్ష పదవికి నిలబడ్డారు. ఆ ఉదయమే వాట్సాప్‌లో చరిత్రాత్మక ప్రకటన వెలువరించారు: "నన్ను గెలిపిస్తే ఇండియా వెళ్లే ప్రతి కుటుంబానికీ యాంటీబయాటిక్ ప్రిస్క్రిప్షన్! దగ్గున్నా సరే, లేకున్నా సరే!"

మా చిన్న తోడికోడలు వసుమతి నర్స్ ప్రాక్టిషనర్. మందులు రాసే అధికారం ఉంది. ఆమెను అడగాలన్న ఆలోచన మాత్రం బావగారికి ప్రకటన తర్వాత వచ్చింది. మహానాయకుల పద్ధతే అంత.

"నా లైసెన్స్ పోతుంది బావగారూ."

"మొన్న నా డ్రైవింగ్ లైసెన్స్ పోతే కొత్తది పంపలేదూ? ఎలక్షన్ పోతే రెండేళ్లు ఆగాలమ్మా."

"మనిషిని చూడకుండా రాయను. అంతే."

"అంతేనా?" బావగారి ముఖం వెలిగిపోయింది. "ముందే చెప్పొచ్చుగా! చూపిస్తాను."

ఆదివారం పోలింగ్. లైబ్రరీ హాల్లో, సాయంత్రం ఐదింటి దాకా. మధ్యాహ్నానికే బావగారి ఇంటి ముందు డ్రైవ్‌వే కార్లతో నిండిపోయింది. సోఫాలో వసుమతి. ముందు తలుపులోంచి ఓటర్లు రావాలి, ఆమె ఎదుట ఒక్క క్షణం నిలబడాలి, గరాజ్‌లోంచి బయటపడి లైబ్రరీకి వెళ్లి ఓటెయ్యాలి. తిరుపతిలో కూడా ఇంత పకడ్బందీ ఏర్పాటు చూడలేదు నేను.

మొదట కోటయ్య గారొచ్చారు. వసుమతి చూసింది. చూసి ఊరుకోలేదు.

"కూర్చోండి అంకుల్. ఏమిటి ఇబ్బంది?"

"ఇబ్బందేం లేదమ్మా. ఫ్రీ అన్నారు."

"ఇప్పుడేం మందులు వాడుతున్నారు?"

రక్తం పలచబడడానికి ఏదో మింగుతున్నట్టు ఆయనకు గుర్తొచ్చింది.

"అయితే మీ డాక్టర్‌ని అడక్కుండా యాంటీబయాటిక్ ముట్టుకోకండి. నిద్ర పడుతోందా?"

నిద్ర నుంచి మోకాళ్లకీ, మోకాళ్ల నుంచి కోడలికీ వెళ్లారాయన. "నన్నిన్ని మాటలు అడిగినవాళ్లు లేరమ్మా" అని కళ్లు తుడుచుకుని, గరాజ్ వైపు పోకుండా మళ్లీ క్యూ చివర నిలబడ్డారు.

తర్వాత చంద్రిక. "మా ఆయనకి మిగిలిన మాత్రలు మా అత్తగారికి వేశానండీ. దాంతో పోయింది."

"ఏం పోయింది?" వసుమతి ఉలిక్కిపడింది.

"జ్వరమండీ."

"ఏ మాత్ర?"

"గులాబీ రంగుది."

వార్త ఊరంతా పాకింది. ప్రత్యర్థి జగదీష్ గారి మనుషులు కూడా లైన్లో కలిశారు. ప్రిస్క్రిప్షన్ సంగతి అందరూ మరిచిపోయారు. నేను కాఫీలు అందిస్తున్నాను.

"ఓటు! వెళ్లి ఓటెయ్యండి!" బావగారు గుమ్మంలో గొంతు చించుకున్నారు.

"అరవకండి సార్, నా టర్న్ వచ్చేస్తోంది" అన్నాడు సత్యం. అతను జగదీష్ గారి ప్రచార సారథి.

చివరికి బావగారే వచ్చి ఆమె ఎదుట కూలబడ్డారు. వసుమతి టార్చి వేసి గొంతు చూసింది.

"అరిచి అరిచి బొంగురుపోయింది. మందక్కర్లేదు. గట్టిగా మాట్లాడకండి చాలు."

అప్పటికి ఐదు దాటింది.

జగదీష్ గారు తన ఓటూ, భార్య ఓటూ కలుపుకుని ఘనవిజయం సాధించారు. మా బావగారికి తన సొంత ఓటు కూడా పడలేదు.

భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ కూర్చున్నాం. బావగారు గోరువెచ్చటి నీళ్లు ఒక గుక్క తాగి, మెల్లగా చెప్పారు:

"వచ్చే ఎలక్షన్‌కీ నేనే నిలబడుతున్నాను. వసుమతి ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు. పోలింగ్ రోజు పొద్దున్నే తనని జగదీష్ గారింట్లో దింపి రండి."