బాగున్నవాళ్ళ జాబితా

గొట్టం పరీక్ష కోసం ఎదురుచూస్తున్న నాలుగు వందల పన్నెండు మందిలో మూడు వందల తొంభై ఎనిమిది మందికి ఒకే ఒక్క వారంలో, ఒక్క మాత్ర కూడా ఖర్చు లేకుండా, ఫోన్లోనే నయమైపోయిందని తెలియజేయడానికి ఆసుపత్రి యాజమాన్యం మిక్కిలి సంతోషిస్తున్నది.

నోటీసు బోర్డు మీద ఈ ప్రకటన అంటించింది పెద్ద సిస్టరే. అంటించి, రెండడుగులు వెనక్కి వేసి, వంకరగా ఉందేమో చూసింది. వంకర కాగితంలో లేదు.

నోట్లోంచి కెమెరా గొట్టం దింపి కడుపులోపల చూసే ఆ విభాగంలో ఆవిడకి ఇరవై రెండేళ్ళ అనుభవం. మహమ్మారి రాకముందు రోజుకి ఇరవై పరీక్షలు జరిగేవి. గొట్టం దిగగానే రోగి దగ్గుతాడు, దగ్గితే గదంతా జబ్బు. అందుకని ఒక్కో పరీక్ష తర్వాత గదిని గంటసేపు ఖాళీగా ఉంచాలన్నారు. రోజుకి నాలుగే చేయాలన్నారు. రెండు రోజుల ముందు ముక్కులో పుల్ల పెట్టి చూడాలన్నారు. అంతవరకూ సబబే. సబబు దగ్గరే ఆగిపోతే అది కమిటీ ఎందుకవుతుంది?

ఆ నలుగురూ ఎవరన్నది తేల్చడానికి పదకొండు మందితో కమిటీ కూర్చుంది. అందులో తొమ్మిది మంది ఆ గొట్టాన్ని జన్మలో చూడలేదు. చూసిన ఇద్దరికీ మాట్లాడే వంతు రాలేదు. రోగిని ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు ఇరవై మూడు తయారయ్యాయి. ముద్ద దిగుతోందా, బరువు తగ్గారా, నెత్తురు పడుతోందా... అన్నీ మంచి ప్రశ్నలే. జవాబుని బట్టి మార్కులు, మార్కుల్ని బట్టి రంగు. ఎరుపైతే వెంటనే. పచ్చయితే మహమ్మారి పోయాక.

ఒక్కో ఫోనుకి పావుగంట పడుతోందని లెక్క తేలేసరికి సూపరింటెండెంటు గారు లేచారు.

"మిత్రులారా! మన సంస్కారమేమిటి? మనిషి కనిపిస్తే ముందు 'ఎలా ఉన్నారు' అని అడుగుతాం. మొదటి ప్రశ్న అదే పెడదాం. బాగున్నానన్న మనిషిని పట్టుకుని నెత్తురు పడుతోందా అని అడగడం మర్యాదేనా? అక్కడితో ఫోన్ పెట్టేద్దాం!"

పదకొండు జతల చేతులు చప్పట్లు కొట్టాయి. ఒక జత ఆయనవే. 'బాగున్నాను' అని కొట్టగానే మిగిలిన ప్రశ్నలు మూసేసి, అప్పటిదాకా వచ్చిన మార్కులతో రంగు వేసేయమని కంప్యూటర్‌కి చెప్పారు. మొదటి ప్రశ్నకే బాగున్నానన్నవాడికి వచ్చే మార్కులు సున్నా. సున్నా రంగు పచ్చ.

అలా వారం తిరిగేసరికి మూడు వందల తొంభై ఎనిమిది మంది బాగున్నారు. బాగాలేనివాళ్ళు పద్నాలుగు మందే. వాళ్ళలో మొదటివాడు సూపరింటెండెంటు గారి బావమరిది. భోంచేశాక ఆయనకి త్రేన్పులొస్తాయి. "చచ్చిపోతున్నానమ్మా, రాసుకో!" అన్నాడు. రాసుకున్నారు. గురువారం పది గంటలకి పరీక్ష ఖాయమైంది.

శనివారం పొద్దున దర్జీ మూట మోసుకొచ్చాడు. ఆసుపత్రికి గౌన్లు, మాస్కులు కుట్టేది ఆయనే. జాబితాలో రెండు వందల పదిహేడో పచ్చ. మూట దించుతుంటే పెద్ద సిస్టర్ కళ్ళు ఆయన బెల్టు మీద పడ్డాయి. దానికి కొత్తగా నాలుగు చిల్లులున్నాయి. కొస నాలుకలా వేలాడుతోంది.

"ఏంటి బాబాయ్, ఇలా అయిపోయారు?"

"ముద్ద దిగట్లేదమ్మా. ఇక్కడ ఆగిపోతోంది," అని రొమ్ము మీద వేలు పెట్టి చూపించాడు. "నీళ్ళతో తోస్తున్నా."

"మరి ఫోన్ చేస్తే బాగున్నానన్నారేంటి?"

"ఆ పిల్ల ఎంతో మర్యాదగా అడిగిందమ్మా. పొద్దున్నే దాని మనసు కష్టపెట్టడం ఎందుకని..."

పెద్ద సిస్టర్ జేబులోంచి సీసా తీసి ఒక గుక్క తెల్లమందు తాగింది. ఆవిడకి ఈ మధ్య గుండెల్లో మంట. ఆ పొద్దుటికి అది మూడో గుక్క. మూత బిగించి సూపరింటెండెంటు గారి గదికి నడిచింది.

"సిస్టర్! రోగి మాటే మనకి శాసనం," అన్నారాయన. "ఆయన బాగున్నానంటుంటే, కాదు బాగాలేవు అనడానికి మీరెవరు? బాగుండటం ఆయన హక్కు! తొమ్మిదో నిబంధన ప్రకారం మళ్ళీ ఫోన్ చేసేది మూడు నెలల తర్వాతే."

గాలికి పోయే కంప వంటికి తగిలించుకోకూడదని తెలిసిన మనిషే పెద్ద సిస్టర్. కానీ ఆ బెల్టు కొస కళ్ళ ముందు వేలాడుతూనే ఉంది. ఆదివారమంతా కూర్చుని నిబంధనలన్నీ చదివింది. రాసినవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చదవలేదు. ఏడో నిబంధన: పరీక్షకి మూడు రోజుల ముందు రోగికి ఫోన్ చేసి, కొత్త ఫారం మొదటినుంచీ నింపాలి. పదో నిబంధన: ఎవరి చోటైనా ఖాళీ అయితే, జాబితాలో ఎవరికైనా మళ్ళీ ఫోన్ చేయవచ్చు. తమవాళ్ళకి ఎప్పుడైనా పనికొస్తుందని ఎవరో ముందుచూపుతో రాసుకున్న నిబంధన అది.

సోమవారం మధ్యాహ్నం బావమరిదికి ఫోన్ తనే చేసింది. గొంతులో పంచదార పోసుకుంది.

"నమస్కారం సార్! ఎలా ఉన్నారు?"

"ఆహా, మనకేంటమ్మా! గుండ్రాయిలా ఉన్నాం! ఇంతకీ ఎవరు?"

తెర పచ్చబడింది.

"ఆసుపత్రి నుంచి సార్. మీరు బాగున్నందుకు మాకందరికీ చాలా సంతోషం," అని పెట్టేసింది.

గురువారం పది గంటలు ఖాళీ. వెంటనే దర్జీకి కలిపింది.

"నమస్కారమమ్మా! బా..."

రెండో అక్షరం పడేలోపల ఫోన్ కట్ చేసింది. ఈ మనిషి మర్యాదే ఈ మనిషిని చంపేలా ఉంది. తెర వంక చూసింది. ప్రశ్నలన్నీ వరసగా ఉన్నాయి గానీ వరసగానే అడగాలని ఎక్కడా లేదు. మర్యాద ముందు కాక ఇంకేదైనా ముందు వస్తుందని కమిటీలో ఎవరికీ తట్టలేదు. మళ్ళీ కలిపింది. నమస్కారం లేదు, పలకరింపు లేదు.

"నడుమెంత?"

"ఏంటమ్మా?"

"టేపు తియ్యండి. మీ నడుమెంత?"

దర్జీ ఒంటి గురించి అబద్ధమాడగలడు. టేపు గురించి ఆడలేడు.

"ఇరవై తొమ్మిదిన్నర."

"రెండు నెలల కిందట?"

"ముప్పై ఆరు."

"ముద్ద ఆగుతోందా?"

"అదేం పెద్ద..."

"చెప్పరేం!" అని వెనకనుంచి భార్య అరిచింది. "నిన్న పాలు కూడా తిరిగొచ్చేశాయి కదా!"

"ఆ... వచ్చాయమ్మా."

ఇరవై రెండూ అయ్యాయి. మార్కులు హద్దు దాటాయి. ఊపిరి పీల్చుకుని, మిగిలిన ఆ ఒక్కటీ అడిగింది.

"ఎలా ఉన్నారు బాబాయ్?"

"బాగున్నానమ్మా. నువ్వెలా ఉన్నావు?"

"నాకేం, బాగున్నాను," అంటూ తెల్లమందు మూత తీసింది. ఎదురుగా కంప్యూటర్ మిగిలిన ప్రశ్నల్ని మూసేద్దామని చూసింది. మూయడానికేమీ మిగల్లేదు. ఎర్రబడింది.

గురువారం డాక్టరు, దర్జీ కుట్టిన గౌనే వేసుకుని, దర్జీ గొంతులోకి గొట్టం దింపాడు. అన్నవాహిక అడుగున కణితి.

"ఇంకో మూడు నెలలాగితే ఎవరూ చెయ్యగలిగేది లేదు," అన్నాడు బయటికొచ్చి. "ఇప్పుడైతే తీసేయొచ్చు. ఈయన్ని ఎవరు పంపారు?"

"నిబంధనలు," అంది పెద్ద సిస్టర్.

డాక్టరు ఆవిడ జేబులోని సీసా వంక చూశాడు. జాబితాలో ఇంకో పేరు చేర్చాడు.

తర్వాత అన్నీ సక్రమంగా జరిగాయి. దర్జీకి ఆపరేషన్ అయింది. సకాలంలో జబ్బు పట్టుకున్నందుకు కమిటీ తనని తాను అభినందించుకుంది. బావమరిదిని మళ్ళీ ఎర్రబరిచి పరీక్ష చేశారు. ఆయనకి ఏ జబ్బూ లేదని తేలింది. అది కూడా కమిటీ ఖాతాలోకే వెళ్ళింది. మొదటి ప్రశ్న దాటితే తప్ప రెండోది తెరుచుకోకుండా కంప్యూటర్‌ని బాగుచేయించారు. క్షేమం విచారించకుండా రోగి నడుము కొలత అడిగినందుకు పెద్ద సిస్టర్‌కి మెమో వచ్చింది. 'మీరు క్షేమమని తలుస్తాము' అని అది మొదలైంది.

దానికి జవాబు రాస్తుండగా ఫోన్ మోగింది. విభాగంలో ఫోన్లు చేసే ఆ పిల్లే.

"సిస్టర్ గారూ, మీ పేరు కూడా జాబితాలోకి వచ్చిందండీ. నమస్కారమండీ, ఎలా ఉన్నారు?"

పెద్ద సిస్టర్‌కి అన్నీ తెలుసు. ఏం చెప్పాలో తెలుసు. ఏం చెప్పకూడదో ఇంకా బాగా తెలుసు. కానీ ఆ పిల్ల ఎంతో మర్యాదగా అడిగింది.

"నాకేమ్మా, బాగున్నాను," అంది నోరు, మనిషితో చెప్పకుండానే.

పచ్చవాళ్ళు మళ్ళీ మూడు వందల తొంభై ఎనిమిది. బోర్డు మీద అంకె మార్చే పని తప్పింది.

నవ్వకండి. ఈ పొద్దున మిమ్మల్నీ ఎవరో అడిగే ఉంటారు. ఏమని జవాబిచ్చారో ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి.