సోమవారం సోమవారం సీట్లు మార్చే మేనేజరు

బ్యాంకు బాగుపడాలంటే మేనేజరుకి కాస్త తిక్క ఉండాలి! కోప్పడకండి. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినవాణ్ణే అయినా, ఇరవై ఆరేళ్లుగా మేనేజరు గది బయట నిలబడుతున్న అటెండర్ని. పుస్తకాల్లో దొరకని చదువు తలుపు సందులోంచి చదువుకున్నాను.

మంచి నాయకుడెవరు? కిందివాళ్లకి దేనికైనా అలవాటు పడే గుణం నేర్పేవాడు. వెనకటి మేనేజరు ఒకాయన అరిచేవాడు. బూట్ల చప్పుడుని బట్టే ఎవరు బాత్రూంలో దూరాలో తేల్చుకోవడం నేర్చుకున్నాం. తర్వాతాయన "నన్ను అన్నయ్యా అనండి" అన్నాడు. అన్నయ్యని పట్టుకుని సెలవెలా అడుగుతాం? సెలవుల్లేకుండా బతకడం నేర్చుకున్నాం.

ఇప్పటాయన వాళ్లిద్దరికీ తాత. "ఒకే కుర్చీలో కూర్చుంటే మనిషి తుప్పు పడతాడు" అని సోమవారం సోమవారం అందరి సీట్లూ మార్చేస్తున్నాడు. క్యాషియరు లోన్లలోకి, లోన్లాయన లాకర్లలోకి, పెన్షన్లు చూసే అక్క చెక్కుల్లోకి. పాత సీటు పని ముట్టుకున్నారో, మెమో! ఎంత చురుకొచ్చిందనుకున్నారు! లాకర్ల తాళాలు ఏ డ్రాయర్లో ఉండిపోయాయో వెతికేవాడికి, అంటే నాకు, పైసా ఖర్చు లేని వ్యాయామం.

కస్టమర్లకూ మేలే. ఒక మామ్మగారున్నారు. నెలాఖరులోగా తాను బతికున్నట్టు ఫారం ఇవ్వకపోతే ఆవిడ పెన్షన్ ఆగిపోతుంది. మొదటిసారి వస్తే అక్క సీట్లో క్యాషియరు.

"ఈ ఫారం నాకు కొత్త మామ్మగారూ, వచ్చే వారం రండి."

వచ్చే వారం ఆ సీట్లో లోన్లాయన. "నేనూ ఇవాళే వచ్చానండీ ఇక్కడికి."

"నేను బతికే ఉన్నానని ఎవరితో చెప్పుకోవాలిరా నాయనా?" అంది నాతో.

చూశారా, ఆ వయసులో ఎంత నడక!

నెలాఖరు రోజున ఆవిడ కౌంటర్ల వంకైనా చూడలేదు. "అమ్మా, ఆగండమ్మా" అని నేనంటుండగానే తలుపు తోసుకుని మేనేజరు గదిలోకి వెళ్లిపోయింది.

"కౌంటర్లో అడగాలమ్మా" అన్నాడాయన.

"అడిగా బాబూ. వచ్చినప్పుడల్లా అక్కడ మనిషి మారిపోతున్నాడు. కుర్చీ కదలనిది నీకొక్కడికే, అందుకే నీ దగ్గరికొచ్చా. రాసుకో, బతికే ఉన్నాను."

ఆయన కంప్యూటరు తెరిచాడు. ఏది నొక్కాలో తెలీలేదు. ఏసీలో చెమటలు! చివరికి "ఆ పెన్షన్లు చూసే అమ్మాయిని పిలవ్వయ్యా" అన్నాడు. అక్క వచ్చి రెండు నిమిషాల్లో మామ్మగారిని బతికించింది.

నాకు నోరు ఊరుకోదు కదా! "సార్, మీరూ ఒక్క సోమవారం కౌంటర్లో కూర్చుంటే..."

"నాకది అలవాటు లేదయ్యా!"

అలాగని ఆయనేమీ మారలేదనకండి. మర్నాడే తలుపు మీద కొత్త బోర్డు వెలిసింది: 'అనుమతి లేనిదే లోపలికి రారాదు.' మామ్మగార్లెవరైనా వస్తే ఆ తలుపుకి అడ్డంగా నిలబడే డ్యూటీ నాదే.

అలవాటు పడుతున్నాను.