ఎడమకి అర మిల్లీమీటరు

ఆ శనివారం ఉదయానికి జడ్జిగారు వేసుకున్న పథకంలో ఎక్కడా తేడా రావడానికి వీల్లేదు. ఎనిమిదింటికి కాఫీ, ఎనిమిదిన్నరకి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కోవడం, తొమ్మిదింటికి పెట్టె విప్పడం, పన్నెండింటికి తీర్పు, ఒంటిగంటకి షాపు. జడ్జి అన్నారు కదా అని ఆయన కోర్టులో పనిచేస్తారనుకునేరు. ఆయనది బజారు మలుపులో కళ్ళజోళ్ళ షాపు. ఫుట్‌బాల్ కార్డులు సేకరించేవాళ్ళు నలభైమంది కలిసి పెట్టుకున్న సంఘంలో, కొత్త సెట్టు వచ్చినప్పుడల్లా దాని మంచిచెడ్డలు తేల్చి మార్కులు వేసేది ఆయనే కాబట్టి ఆ పేరు పడింది. పదకొండేళ్ళుగా సంఘంలో ఆయన మాటకి తిరుగులేదు. ఇంట్లో సంగతి వేరు.

కాఫీ ఇస్తూ ఆయన భార్య రేపటి సంగతి అడిగింది. ఆదివారంతో ఆవిడకి యాభై నిండుతాయి. అది కావాలి, ఇది కావాలి అని అడిగే మనిషి కాదావిడ. ఈసారి మాత్రం ఒక్కటి అడిగింది. తన తమ్ముడు రేపు ఈ ఇంట్లో కూర్చుని భోంచెయ్యాలి. వాణ్ణి పిలవాల్సింది తను కాదు, ఆయన.

ఆరేళ్ళ క్రితం సంఘం వార్షిక సమావేశానికి ఆ తమ్ముడు ఒక పాత గోల్‌కీపరు కార్డు తెచ్చాడు. తొమ్మిదేళ్ళు వెతికి సంపాదించిన కార్డు. జడ్జిగారు దాన్ని అందరి ముందూ కొలిచి, బొమ్మ ఎడమకి జరిగింది, ఏడు మార్కులు, అని మైకులో చెప్పారు. బావమరిది కార్డు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అక్కని చూడాలంటే గేటు దాకా వస్తాడు, నిలబడి నాలుగు మాటలు మాట్లాడతాడు, వెళ్ళిపోతాడు. గేటు దాటి లోపల కాలు పెట్టడు.

"నేను వాణ్ణి ఏమీ అనలేదు. కొలత అంది," అన్నారు జడ్జిగారు. "తప్పు నాదే అయితే వాడి కాళ్ళు పట్టుకోనూ? కొలతకి బావమరిది, బాబాయి అని ఉండదు."

"కొలతకి లేకపోతే పోయింది. మీకు ఉండాలిగా," అని ఆవిడ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ గొడవ పెరగకుండా ఆ ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. తమ్ముడి మాట ఎత్తితే కార్డుల మాట ఎత్తకూడదు, కార్డుల మాట ఎత్తితే తమ్ముడి మాట ఎత్తకూడదు. ఇవాళ కార్డుల రోజు కాబట్టి సంభాషణ అక్కడితో ఆగింది.

తొమ్మిదింటికి ఆయన తెల్ల గ్లవ్స్ వేసుకుని, టేబుల్ మీద నల్లగుడ్డ పరిచి, పెట్టె విప్పారు. నూట ఎనభై కార్డులు. పదిహేను జట్లు, జట్టుకి పన్నెండుమంది. ముందు వాసన చూశారు. కొత్త సిరా వాసనకి మార్కులు లేవు కానీ, అది పీల్చందే ఆయనకి పని మొదలైనట్టుండదు. తర్వాత భూతద్దం పెట్టి మూలలు చూశారు. ఒక్కటీ నలగలేదు. వెనకవైపు గోల్స్, పుట్టిన తేదీలు సరిచూశారు. పోయిన ఏడాది సెట్టులో ఒక డిఫెండరు పుట్టకముందే రెండు సీజన్లు ఆడేశాడు. ఇందులో అలాంటి వింతలు లేవు.

ఇక బొమ్మలు. పచ్చిక రంగు జెర్సీల్లోకి పాకలేదు. గోల్‌కీపర్లందర్నీ గాల్లో ఉండగా పట్టుకున్నారు, ఒక్కరి కళ్ళూ మూసుకుపోలేదు. ఒక వింగరు మోకాలి మీద బురద ఎంత తేటగా ఉందంటే, జడ్జిగారు వేలితో తుడవబోయి ఆగిపోయారు. పదకొండేళ్ళలో విడి కార్డులకి తప్ప ఏ సెట్టుకీ ఆయన పదికి పది వెయ్యలేదు. ఇవాళ వేస్తానేమోనని లోలోపల సంబరపడ్డారు. అలాంటి సంబరం ఆయనకి ఏడాదికి ఒకసారి కూడా రాదు.

ఆ తర్వాత కొలత షీటు తీశారు. కార్డు కొలతకి కోసిన పారదర్శక ప్లాస్టిక్ ముక్క అది. బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో దానిమీద గీతలుంటాయి. కార్డు మీద అంచులు కలిపి పెడితే బొమ్మ సరిగ్గా మధ్యలో ఉందో లేదో తెలిసిపోతుంది. సంఘం పెట్టినప్పుడు గీతలు గీసింది జడ్జిగారే. నలభై షీట్లు దొంతి పెట్టి, ఎవర్నీ నమ్మక, ప్రెస్సులో కోత మిషను పిడి నొక్కింది కూడా ఆయనే. సభ్యుడికి ఒకటి చొప్పున పంచారు. వాడే పద్ధతికి నియమాలు కూడా రాశారు. వాటిలో మొదటిది, ఆటగాణ్ణి ఎట్టి పరిస్థితుల్లోనూ తలకిందులుగా పెట్టరాదు. అది ఆటగాడి పట్ల అమర్యాద అని ఆయన ఉద్దేశం.

మొదటి కార్డు మీద షీటు పెట్టారు. బొమ్మ ఎడమకి అర మిల్లీమీటరు జరిగి ఉంది. రెండోది చూశారు, అదీ అంతే. పదోదీ, యాభయ్యోదీ, నూట ఎనభయ్యోదీ అంతే. వెంట్రుకవాసి తేడా లేకుండా అన్నీ ఒకే వైపుకి. నిర్లక్ష్యంలో కూడా ఇంత క్రమశిక్షణా అని ఆయన ఆశ్చర్యపోయారు. మనసు మాత్రం చివుక్కుమంది. ఆ బాధలోనే పన్నెండింటికి సంఘం ఫోన్ గ్రూపులో తీర్పు పెట్టారు. రంగులు అమోఘం, మూలలు పదును, కానీ కార్డులన్నీ వంకర, కళ్ళున్నవాడెవడూ కొనడు, మూడు మార్కులు.

రెండింటికల్లా నలభై ఇళ్ళలో నలభై షీట్లు బయటికొచ్చాయి. కొత్త సెట్టు కొన్నవాళ్ళందరూ కొలిచి చూసుకుని, జడ్జిగారి కన్ను కన్నే, ఎడమకి అర మిల్లీమీటరే, అని వరసగా రాశారు. కొననివాళ్ళు ఊరుకోలేక ఇంట్లో ఏది దొరికితే దాన్ని కొలిచారు. ఒకాయన తన చిన్న పెళ్ళిఫోటో మీద షీటు పెట్టి, మా ఆవిడ ఎడమకి జరిగిందని రాశాడు. ఆ తర్వాత చాలాసేపు ఆయన గ్రూపులో కనబడలేదు.

మూడింటికి కార్డులమ్మే స్టేషనరీ షాపు ముందు పన్నెండుమంది విప్పిన పెట్టెలు పట్టుకుని నిలబడ్డారు. షాపాయన బెదిరిపోయి కార్డుల కంపెనీకి ఫోను చేశాడు. కంపెనీవాళ్ళు ప్రెస్సుకి ఫోను చేశారు. నాలుగింటికి రెండో విడత అచ్చువేస్తున్న మిషను ఆగిపోయింది. అక్కడ అచ్చుపని చూసే సూపర్వైజరుతో, సోమవారం పొద్దునకల్లా సంజాయిషీ రాసివ్వు, లేకపోతే రావద్దు, అన్నారు.

ఈ కబురు మోసుకొచ్చింది సంఘం కార్యదర్శి. లాండ్రీ నడుపుతాడు. కళ్ళజోళ్ళ షాపులోకి వస్తూనే జడ్జిగారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఒక్క మాటతో మిషను ఆపించిన మొనగాడు మన సంఘంలో ఉన్నాడని పొంగిపోయాడు. జడ్జిగారు అదేం పెద్ద సంగతి కాదన్నట్టు తలాడించారు కానీ, లోపల కొంచెం పెద్ద సంగతిగానే అనిపించింది.

సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు తోసుకుని బావమరిది లోపలికొచ్చాడు. ఆరేళ్ళ తర్వాత రావడం. చేతులకి అచ్చుపని సిరా మరకలు అలాగే ఉన్నాయి.

"జడ్జిగారూ," అన్నాడు. బావా అనలేదు. "ఆ సెట్టు నేను దగ్గరుండి వేయించాను. నెలరోజులు మిషను పక్కనుంచి కదల్లేదు. సోమవారం సంజాయిషీ రాయాలిట. ఏం రాయాలో మీరే చెప్పండి."

బావమరిది రెండేళ్ళ క్రితం ప్రెస్సు మారిన సంగతి ఇంట్లో ఒప్పందం పుణ్యమా అని ఆయనకి తెలియదు. ప్రెస్సు పేరు పెట్టె అడుగున అచ్చై ఉంది. పెట్టెకి మార్కులు లేవు కాబట్టి ఆయన అడుగు చూడలేదు.

"నీ పని అని నాకు తెలియదురా," అన్నారు.

"తెలిస్తే మార్కులు పెంచేవారా?"

"లేదు," అన్నారు ఆయన.

"పెంచరని నాకూ తెలుసు. ఆ షీటు ఒకసారి ఇలా ఇవ్వండి."

బావమరిది కౌంటరు మీద ఒక కార్డు పెట్టి, పైన షీటు పెట్టాడు. బొమ్మ ఎడమకి జరిగి కనిపించింది. తర్వాత షీటు పక్కన పెట్టి, కార్డుని తలకిందులుగా తిప్పాడు. మొదటి నియమం, మొదటి నియమం అంటూ కార్యదర్శి అడ్డం పడబోయాడు. బావమరిది పట్టించుకోలేదు.

"బొమ్మ నిజంగా ఎడమకి జరిగి ఉంటే, తిప్పినప్పుడు కుడికి రావాలా, వద్దా?"

"రావాలి," అన్నారు జడ్జిగారు.

షీటు మళ్ళీ పెట్టాడు. తలకిందులుగా ఉన్న ఆటగాడు కూడా ఎడమకే జరిగి ఉన్నాడు. జడ్జిగారు ఇంకో కార్డు తిప్పి చూశారు, ఇంకోటి చూశారు. ఎటు తిప్పినా ఎడమే. అంటే జరిగింది కార్డు కాదు, షీటు మీద గీతలు. ఆయన లేచి, గోడమీద అక్షరాల బోర్డు పక్కన ఫ్రేములో ఉన్న తన స్ట్రైకరు కార్డు దించారు. పది మార్కులు తెచ్చుకున్న కార్డు అది. మామూలుగా పెడితే షీటుకి అతికినట్టు సరిపోయింది. తిప్పి పెడితే ఒక మిల్లీమీటరు పక్కకి పోయింది.

"ఆ రోజు మా పాత ప్రెస్సులో కోత మిషను దగ్గర, దొంతి జరుగుతోంది, బిగించి కోద్దాం అన్నాను," అన్నాడు బావమరిది. "ఇది సున్నితమైన పని, నువ్వు పక్కకి జరుగు అన్నారు మీరు."

జడ్జిగారు కళ్ళు చూపించుకునేవాళ్ళు కూర్చునే కుర్చీలో కూలబడ్డారు. ఎదురుగా బోర్డులో అన్నిటికన్నా పెద్ద అక్షరం కూడా అలుక్కుపోయి కనిపించింది. పదకొండేళ్ళుగా వంకరవాటికి పదులు వేసి, తిన్నగా ఉన్నవాటిని మైకులో అవమానించారు. ఆయనకి నిజంగా సిగ్గేసింది.

కార్యదర్శి వెళ్ళి తలుపు దగ్గరగా వేసొచ్చి గొంతు తగ్గించాడు. "ఇది మన ముగ్గురికే తెలుసు. ఇంకో పెట్టె చూశాను, అది బాగుంది, ఎనిమిది మార్కులు అని రాసెయ్యండి. మిషను తిరుగుతుంది, ఈయన ఉద్యోగమూ ఉంటుంది. నా దగ్గర పది మార్కుల కార్డులు మూడున్నాయి జడ్జిగారూ. మా ఆవిడ కాస్తో కూస్తో నన్ను గౌరవించేది వాటిని చూసే."

మంచి సలహాయే. దానితో అందరి పనీ గడిచిపోతుంది. జడ్జిగారు దాన్ని ఒక నిమిషం ఆలోచించారు కూడా. తర్వాత బావమరిదివైపు తిరిగి, గోల్‌కీపరు కార్డు ఎక్కడుందని అడిగారు. ఆ రోజే టేబుల్ మీద వదిలేశానన్నాడు వాడు.

షాపు వెనకే ఇల్లు. తమ్ముడి గొంతు విని అప్పటికే వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఆవిడ, లోపలికి వెళ్ళి, కుట్టుమిషను సొరుగులోంచి ఒక చిన్న కవరు తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఆ రోజు ఆవిడ తీసి దాచినప్పటినుంచి, ఆరేళ్ళుగా ఆ సొరుగులో దారపుండల మధ్య ఆ గోల్‌కీపరు భద్రంగా ఉన్నాడు.

కళ్ళజోడు కోసం రెండు కళ్ళ మధ్య దూరం కొలిచే స్కేలు జడ్జిగారి జేబులో ఎప్పుడూ ఉంటుంది. రోజుకి పదిమందిని దానితో కొలుస్తారు, ఒక్కరూ మళ్ళీ వచ్చి తప్పు అనలేదు. ఆ స్కేలుతో కార్డుని ఏనాడూ కొలవలేదు. ఇప్పుడు కొలిచారు. ఎడమ, కుడి సమానం. తిప్పి కొలిచారు. సమానం.

"పది," అన్నారు. "ఆ రోజే పది."

ఫోను తీసి గ్రూపులో రాశారు. కొలత షీటు తప్పు, కోసింది నేను, నేను వేసిన మార్కులన్నీ అర మిల్లీమీటరు పక్కకి. కొత్త సెట్టుకి పది. నా స్ట్రైకరుకి ఆరు. నమ్మకపోతే ఆటగాళ్ళని తలకిందులు చేసి చూసుకోండి. ఆ పైన కంపెనీకీ, ప్రెస్సుకీ కూడా తనే ఫోను చేసి ఆ మాటే చెప్పారు. సోమవారం సంజాయిషీ తను రాసి పంపుతానన్నారు. మిషను ఆరింటికి మళ్ళీ తిరిగింది.

గ్రూపులో పదినిమిషాలు చప్పుడు లేదు. నలభై ఇళ్ళలో ఆటగాళ్ళు తలకిందులవుతున్నారు. తర్వాత సభ్యులు ఒంటికాలి మీద లేచారు. జడ్జిని మార్చాలన్నారు కొందరు, సంఘాన్నే రద్దు చెయ్యాలన్నారు కొందరు. పెళ్ళిఫోటో ఆయన మాత్రం, మా ఆవిడ మధ్యలోనే ఉందన్నమాట, చాలా థాంక్స్, అని రాశాడు. కార్యదర్శి ఎవరికీ చెప్పకుండా ఇంటికి పరిగెత్తాడు, హాల్లో కార్డులు ఎవరూ తిప్పి చూడకముందే దాచేద్దామని.

జడ్జిగారు కుర్చీలోంచి లేచి బావమరిది ముందు నిలబడ్డారు. "తప్పు నాదే అయితే కాళ్ళు పట్టుకుంటానని పొద్దున మీ అక్కతో అన్నాను," అంటూ వంగబోయారు. వాడు కంగారుపడి రెండడుగులు వెనక్కి వేశాడు.

"వంగకండి, నడుం పట్టేస్తుంది," అంది ఆవిడ. "భోజనానికి పిలవండి, చాలు."

ఆయన పిలిచారు. వాడు వస్తానని కానీ రానని కానీ అనకుండా, గోల్‌కీపరుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పన్నెండున్నరకి గేటు చప్పుడైంది. ఆవిడ వంటింట్లోంచి కదల్లేదు. వచ్చినవాడు గేటు దగ్గర ఆగుతాడా, లోపలికొస్తాడా అని చెవులు రిక్కించి వింటోంది. చెప్పులు విప్పిన చప్పుడు వినబడ్డాక కొంగుతో కళ్ళు తుడుచుకుని పళ్ళేలు తీసింది. ముగ్గురూ కూర్చున్నారు. మొదట్లో కూరల గురించి తప్ప మాటల్లేవు. పెరుగు దాకా వచ్చాక బావమరిది తల ఎత్తి, ఎదురు గోడమీద అక్కా బావల పెళ్ళిఫోటోని చాలాసేపు చూశాడు.

"బావా," అన్నాడు, "ఆ ఫోటో ఎడమకి జరిగినట్టు లేదూ?"

ఫోటో తిన్నగానే ఉందని ముగ్గురికీ తెలుసు. జడ్జిగారు జేబులోంచి స్కేలు తియ్యకుండానే లేచి, దాన్ని కాస్త కుడికి వంచి వచ్చి కూర్చున్నారు.