పులినోటి హోటల్ రహస్యం

"మకావులో నేరం చేయదలచినవాడు ముందు నా మొహం గుర్తు చేసుకుని వణకాలి!" అని ప్రకటించాడు డిటెక్టివ్ వాంగ్ క్వోక్, నోట్లో సగం గుడ్డు కేకుతో. పడవల రేవులో టికెట్లు చించి రిటైరయ్యాక ఆ బిరుదు ఆయనే తగిలించుకున్నాడు.

"వణికేది నేను బావా," అన్నాడు బామ్మర్ది సెంగ్. "పండగలోపు మా హోటల్ పెద్ద గుమ్మంలోంచి జనం రాకపోతే, గుమ్మం మూసేసి నన్ను ఇంటికి పంపుతానంటున్నాడు మేనేజరు."

"లోపల జూదశాల ఖాళీయా?"

"కిటకిట!"

"గుమ్మంలో ఈగ లేదు, లోపల కిటకిట! సొరంగం! ముఠా!"

"తోక కింద లాండ్రీ తలుపులోంచి వస్తున్నారు బావా. అంతే."

సెంగ్ కాపలా కాసే హోటల్ పడుకున్న పులి ఆకారంలో ఉంటుంది. లిస్బన్ నుంచి వచ్చిన ఇంజనీరు గీశాడు. నల్ల చారల్లో పడ్డ గదులకు కిటికీలుండవు. అద్దె మాత్రం పులికి తగ్గట్టే ఉంటుంది. గుమ్మం పులి నోరు. పైన కోరలు, కింద నాలుకలా ఎర్ర తివాచీ, అది గొంతులోంచి ఏటవాలుగా వీధిలోకి దిగుతుంది. అదృష్టం వెతుక్కుంటూ వచ్చినవాడెవడైనా పులి నోట్లోకి నడుస్తాడా? ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి తెలియనివాళ్లు ఇద్దరే: పోర్చుగల్ నుంచి వచ్చిన మేనేజరు టెలెస్, బావ.

"మూఢనమ్మకం! శత్రువు పరిచిన పొగతెర!" అని సెంగ్ చెప్పినదాన్ని కొట్టిపారేశాడు బావ.

మర్నాడు పొద్దున్నే ఆయన ఉతికిన దుప్పట్ల బండిలో దాక్కుని తోక కింద నుంచి లోపలికి చొరబడ్డాడు. బండి జూదశాల పక్కకు చేరగానే, ముఠా నాయకుడెవరో చూద్దామని దుప్పట్లోంచి తల పైకెత్తాడు. తోస్తున్న లాండ్రీ ఆవిడ కెవ్వుమని పట్టు వదిలేసింది. బండి గొంతు వాలులో పడింది.

కోరల కింద నిలబడ్డ సెంగ్‌కు ముందు కేక, తర్వాత చక్రాల చప్పుడు వినిపించాయి. పక్కకు దూకాడు. బండి నాలుక మీంచి జారి వీధిలో బోల్తా కొట్టింది. తెల్ల దుప్పట్లలోంచి బావ లేచి నిలబడ్డాడు.

బస్సు కోసం నిలబడ్డ ముసలామె చేతిసంచి జారవిడిచింది. "అమ్మో! పులి ఇతన్ని కక్కేసింది!"

"చెక్కుచెదరలేదు చూడు," అన్నాడు పక్కాయన. "దరిద్రమంతా పులి కడుపులోనే ఉండిపోయుంటుంది. బాబూ, నీ చొక్కా ఓసారి ముట్టుకోనీ!"

"ముట్టుకోకండి, సాక్ష్యం చెడిపోతుంది!" అని బావ అరిచాడు. అప్పటికే పదిమంది ముట్టుకున్నారు.

మధ్యాహ్నానికి జనం తోకలోంచి దూరి, ఆడి, నోట్లోంచి బయటికి రావడానికి బారులు తీరారు. ఓడినవాళ్లు దరిద్రం లోపల వదిలేశామని మళ్లీ తోకవైపు పరిగెత్తారు. టెలెస్ ఆ రద్దీ చూసి సెంగ్ భుజం తట్టాడు. "ఇంత రద్దీ గుమ్మానికి మనిషి ఉండాల్సిందే. నువ్వుండు!"

"ముఠా నన్ను చూసి చెల్లాచెదురైంది," అన్నాడు బావ, మోచేతికి మందు రాసుకుంటూ. "కేసు ఖతం!"

"అవును బావా," అన్నాడు సెంగ్. వీధికి వీపు తిప్పి, పులి గొంతువైపు మొహం పెట్టి నిలబడ్డాడు. బయటికొచ్చే ప్రతి ఒక్కరికీ వంగి దండం పెట్టి, "బతికి బయటపడ్డందుకు అభినందనలు," అనసాగాడు.