ముట్టుకోవద్దన్న మొక్క

ఆ ఉదయం ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం చిన్నది. భార్యను బస్సెక్కించాలి, ఇంటికొచ్చి కాఫీ పెట్టుకోవాలి, పదింటికి ప్రెస్సుకు వెళ్ళాలి. ఆమె అక్కకు కంటి ఆపరేషను. సాయంగా ఉండటానికి నెల రోజులు వెళుతోంది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆమె అన్నాళ్ళు ఇల్లు వదలడం ఇదే మొదలు.

గడప దాటే ముందు ఆమె ఆయన చేతిలో ఒక చీటీ పెట్టింది.

"పెరటి గోడ పక్కనున్న మొక్కకు నీళ్ళు పోయకండి. ఎరువు వేయకండి. అసలు ముట్టుకోకండి. అంతా ఇందులో రాశాను."

"నోటితో చెప్పావుగా, మళ్ళీ చీటీ ఎందుకు?"

"నోటితో చెప్పింది మీ చెవికెక్కదు. కాగితమైతే కనీసం చదువుతారు."

బస్సు వెళ్ళిపోయాక ఆయన చదివాడు కూడా. వాక్యాల చివర లేని చుక్కలు పెట్టి, ఒకచోట జారిపోయిన కొమ్మును దిద్ది, చీటీని ఫ్రిజ్ తలుపుకు అతికించాడు. అక్షరాలు చూడటం ఆయన ఉద్యోగం. వాటి అర్థంతో ఆయనకెప్పుడూ పని పడలేదు.

ఆ మొక్క గింజలను ఆ అక్కే, అంటే ఆయన వదినగారు, మూడేళ్ళ కిందట మందుబిళ్ళల కవరులో వేసి ఇచ్చింది. అక్కచెల్లెళ్ళ చిన్నతనంలో వాళ్ళమ్మ పెరట్లో ఉండేదట. ఒకసారి వేరు పట్టిందంటే వానల్లేకపోయినా బతుకుతుంది, ఏటా పూస్తుంది, పూసినన్నాళ్ళూ తేనెటీగలు దాన్ని వదలవు. ఇంతవరకు ఇద్దరిదీ ఒకటే మాట. రంగు దగ్గరే పేచీ. ఊదా అని చెల్లెలు, తెలుపని అక్క. మూడేళ్ళు ఆకులు తప్ప ఏమీ చూపించని మొక్క, సరిగ్గా ఆపరేషను తేదీ ఖాయమైన వారంలో నాలుగు మొగ్గలు తొడిగింది. వాటిని ఆయన చేతిలో పెట్టి వెళ్ళడం ఆమెకు ఎంత కష్టమైందో ఆయన గమనించలేదు. తనను నమ్మలేదన్న సంగతి మాత్రం గమనించాడు.

మొదటి రోజు మధ్యాహ్నం ప్రెస్సు నుంచి భోజనానికి వచ్చేసరికి ఎండకు ఆకులు వాలి ఉన్నాయి. ఆయన కిటికీలోంచి చాలాసేపు చూశాడు. వాలిపోతున్నదాన్ని చూస్తూ కూర్చోవడం మనిషి చేసే పనేనా అనిపించింది. చెంబెడు నీళ్ళు పోశాడు. పొద్దు వాలాక ఆకులు లేచి నిలబడ్డాయి. అవి రోజూ అలాగే లేస్తాయని ఆయనకు తెలియదు. తన చేతి చలవే అనుకున్నాడు. తనవల్ల ఇంట్లో ఒక ప్రాణి తెప్పరిల్లిందన్న సంతోషం ఆయనకు ఎంత కొత్తదంటే, మర్నాడు రెండు చెంబులు పోశాడు. ఆ మర్నాటి నుంచి బకెట్టు. వంటింటి కుళాయి కారుతోందని భార్య చెప్పి ఆరేళ్ళయింది. దాని కిందే బకెట్టు పెట్టాడు. కుళాయి బాగుచేయించకపోవడం కూడా ఒకందుకు మంచిదే అయిందనుకున్నాడు.

ఆరో రోజుకు ఆకులు పసుపెక్కాయి. గోడమీదుగా పక్కింటి కాంపౌండరు తొంగిచూశాడు. రిటైరై పదేళ్ళయినా ఆయన చేతికి రోగి కోసం దురద పోలేదు.

"గురువుగారూ, ఇది నీరసం. లోపల బలం లేదు."

"నీళ్ళు పోస్తూనే ఉన్నానండీ."

"ఒట్టి నీళ్ళతో మనిషి బతుకుతాడా? బలానికి మందు పడాలి. నా దగ్గరో డబ్బా ఉంది."

డబ్బా మీద రోజుకు ఒక మూత అని ఉంది. కాంపౌండరు మూడు మూతలు కలిపాడు. రెండు రోజుల్లో కింది ఆకులు నల్లబడి రాలాయి. మొగ్గల్లో ఒకటి ఊడి బురదలో పడింది. ప్రూఫ్‌రీడరు దాన్ని తీసి, తుడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"మొగ్గ విచ్చిందా?" భార్య అడిగింది.

లేదంటే సరిపోయేది. కానీ ఆ గొంతులో ఏదో ఉంది. ఆయన్ని ఏదైనా అడిగేటప్పుడు ఆమె గొంతు అలా ఉండి ఏళ్ళయింది.

"విచ్చింది."

"రంగేమిటి?"

"ఊదా."

అవతల ఆమె నవ్వింది. "విన్నావా అక్కా, ఊదాయేనట." వదినగారి జవాబు సన్నగా వినిపించింది. "ఏమోనే. అమ్మ పెరడు నాకు తెల్లగానే గుర్తు."

"ఒక ఫొటో తీసి పంపండి," అంది భార్య.

ఆ సాయంత్రమే ఆయన మొక్కను పెకిలించాడు. తడికి నానిన మట్టి చిన్న చప్పుడుతో వదిలేసింది. పెరటి వెనక గోడవతల పాత ఇల్లు కూల్చిన ఇటుక ముక్కల గుట్ట ఉంది. మొక్కను దాని మీదికి విసిరేసి, వెనక్కి తిరిగి చూడలేదు. నర్సరీకి వెళ్ళి, ఊదాపూల మొక్కల్లో అన్నింటికంటే ముద్దగా పూసినదాన్ని కొని, అదే గుంటలో నాటి, ఆకులు పడకుండా పువ్వుకు మాత్రం ఫొటో తీసి పంపాడు. చెల్లెలు మురిసిపోయింది. కంటికి కట్టుండటంతో అక్క ఫొటో చూడలేకపోయింది. అందుకే కట్టు విప్పగానే, ఆ పువ్వును కళ్ళారా చూస్తానని చెల్లెలితో పాటు బయలుదేరి వచ్చింది.

నల్లకళ్ళద్దాలతో వదినగారు పెరట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఊదాలాగే ఉంది మరిదిగారూ. నా గుర్తే తప్పన్నమాట. ఇన్నాళ్ళూ ఎవరి పెరడు తలుచుకున్నానో."

ఆయన తలూపాడు. భార్య పూలను కాదు, వాటి చుట్టూ ఉన్న గాలిని చూస్తోంది.

"తేనెటీగలేవి?"

"ఎండ కదా. ఎక్కడో పడుకుని ఉంటాయి," అన్నాడు ఆయన.

"పడుకోలేదు మరిదిగారూ," అంది వదినగారు. చూపు సరిగా లేని నెల రోజుల్లో ఆమె చెవులు పదునెక్కాయి. "అటు, గోడవతల ఉన్నాయి. చాలానే ఉన్నాయి."

భార్య పెరటి తలుపు తీసింది. ఇటుక ముక్కల మీద, ఒక పక్కకు ఒరిగి, సగం వేరు బయటికి తేలి, ఆ మొక్క పూసి ఉంది. మిగిలిన మూడు మొగ్గలూ విచ్చాయి. తెల్లటి తెలుపు. మూడు పూలకు ముప్పై తేనెటీగలు.

"తెలుపే అక్కా," అంది భార్య.

"పోనీలే," అంది అక్క. "ఊదా అనుకుని నువ్వు మూడు వారాలు సంతోషంగా ఉన్నావు కదా."

ప్రూఫ్‌రీడరు జేబు తడుముకున్నాడు. ఎండిన మొగ్గ ఇంకా అక్కడే ఉంది. "నీళ్ళు పోశాను," అన్నాడు.

"రోజూనా?" అడిగింది భార్య.

"పూటపూటా."

ఆమె కోప్పడితే బాగుండుననిపించింది. ఇరవై ఆరేళ్ళలో ఆమె చేయమన్నవి ఎన్నో ఆయన చేయలేదు. వద్దన్నది ఇదొక్కటే. మొక్కకు ఆయన చేసిన మేలు గోడవతలికి విసిరేయడం ఒక్కటేనని అక్కడున్న ముగ్గురికీ అర్థమైంది. తేనెటీగలు ఆయన్ని పట్టించుకోలేదు.

ఆయన ముందుకు వంగాడు. "జాగ్రత్తగా తీసి, మళ్ళీ లోపల నాటుతాను."

"ఇక్కడే ఉండనివ్వండి," అంది భార్య. "ఇక్కడైతే దాన్ని ఎవరూ చూసుకోరు."